కాంపర్ వెనక కార్నీ పడవ

జీలండ్, మిషిగన్
ఏప్రిల్ 6

బెర్డీనా వదినకి,

నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ నేనూ మా ఆవిడ లోయిసూ బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామంటే, నీకు ఫోన్లో సరిగా వినిపించడం లేదనీ, ఉత్తరం రాయమన్నావనీ లోయిస్ చెప్పింది. మంచిదే. ఉత్తరంలో అయితే నా మాటకి ఎవరూ అడ్డు రారు.

కార్నీ అన్నయ్య పోయి ఆరు నెలలు కావస్తోంది. ఇక జూలై సంగతి ఆలోచించాలి. ముప్పై ఏళ్లుగా మన రెండు కుటుంబాలూ లిటిల్ బేర్ సరస్సు ఒడ్డున వారం రోజులు దిగుతున్నాం. తొమ్మిదో నంబరు చోటు అన్నయ్యది, పదో నంబరు నాది. ఈ ఏడాది ఎలాగ అన్నదాని మీద నాలుగు ఆదివారాలు, చర్చిలో ప్రసంగం సాగుతున్నంతసేపూ ఆలోచించాను. నాలుగో ఆదివారం రెండో పిప్పరమెంటు బిళ్ళ కరిగేసరికి దారి దొరికింది.

నువ్వు మా బండిలో వెనక సీట్లో కూర్చుని రా. సామాను ఎక్కువ తేకు. అన్నయ్య పడవ నాకు ఇచ్చెయ్యి, వాడకపోతే మోటారు పాడైపోతుంది. ఆ కాంపర్ మా అల్లుడు ట్రెంట్ తీసుకుంటానంటున్నాడు. నీకు బరువు తీరుతుంది, వాడికి చక్రాల మీది ఇల్లు దొరుకుతుంది.

నిన్ను చిన్నబుచ్చాలని కాదు వదినా. ట్రక్కు, దాని వెనక కాంపర్, దాని వెనక మళ్లీ పడవ. మూడింటినీ వరసగా లాక్కుంటూ అంత పొడవు వంతెన దాటి అడవుల్లోకి వెళ్లడం ఆడవాళ్ల పని కాదు. అన్నయ్య సంగతి వేరు. ఒంటి చేత్తో లాగేవాడు. అటువంటివాళ్లు మన జిల్లాలో ఇద్దరే ఉండేవాళ్లు, ఇప్పుడు ఒక్కణ్ణే మిగిలాను.

నీ మరిది,
గెరిట్

*

మెక్‌బేన్, మిషిగన్
ఏప్రిల్ 11

గెరిట్,

నా చెవులు బాగానే ఉన్నాయి. చర్చిలో నాలుగు వరసల వెనక ఎవరు గుసగుసలాడినా వినిపిస్తుంది. ఫోన్లో నువ్వు మాట్లాడేటప్పుడు మాత్రమే ఈ జబ్బు వస్తుంది.

నా గురించి నాలుగు ఆదివారాలు ఖర్చుపెట్టావు. పాస్టరు గారికి తెలియనివ్వకు.

నిన్న పడవ మీది పరదా తీశాను. మీ అన్నయ్య ఈత కోటు జేబులో ఎలుక పిల్లల్ని పెట్టింది. వాటిని డబ్బాలోకి మార్చి, కోటు ఉతికి ఆరేశాను. పడవ బాగుంది. మోటారు రెండో లాగుకే పలికింది. ఇచ్చేయడానికి ఇంకా మనసు రావడం లేదు.

ఒక మాట అడుగుతాను. నేనే లాక్కొస్తాననుకో, ఊరికే అనుకో. ఏమేం చూసుకోవాలి? ఇరవై రెండేళ్లు స్కూలు బస్సు నడిపాను, మంచులో కూడా నడిపాను. కానీ నువ్వు చెప్పేదాన్నిబట్టి చూస్తే అది లెక్కలోకి రాదేమో. తెలిసినవాడివి నువ్వు. రాసి పంపు.

లోయిస్‌ని అడిగానని చెప్పు. బాదం రొట్టె పంపుతున్నాను, నువ్వొక్కడివే తినకు.

బెర్డీనా

*

జీలండ్
ఏప్రిల్ 20

వదినా,

రొట్టె అందింది. లోయిస్ చర్చి నుంచి వచ్చేసరికి కాస్త తగ్గింది.

నువ్వు అడిగినందుకు సంతోషం. బస్సు అంటావా, బస్సు ఒకటే ముక్క. పైగా అందులో ఉన్నవి పిల్లలు, బరువే ఉండదు. ఇది వేరే విద్య. మా బల్లల కర్మాగారంలో ముప్పై మందికి మేస్త్రీగా ఉన్నవాణ్ణి, చెప్పడం నాకు అలవాటే. మొత్తం పదకొండు సూత్రాలు. రాసుకో.

మొదటిది, బరువు. ఐసుపెట్టె, లంగరు, పెట్రోలు డబ్బాలు, లోయిస్ ఇనప పెనాలు అన్నీ వెనక్కి నెట్టాలి. వెనక బరువైతే ముందు భాగం తేలికగా లేచి ఉంటుంది, ట్రక్కుకి హాయి. రెండోది, వేగం. బండి తోక ఊగుతోంది అనిపిస్తే ఇంకాస్త తొక్కాలి, ఊపు దానంతటదే సర్దుకుంటుంది. మూడోది, గొలుసులు. కొక్కెం ఊడితే ఆపడానికంటూ గొలుసులు అమ్ముతారు. కొక్కెం గట్టిగా ఉన్నవాడికి గొలుసెందుకు? నా కాంపర్ వెనక బంపరుకి పడవ తగిలించే కొక్కెం నేనే అతికాను, నా గరాజులో, నా చేత్తో. అది ఊడాలంటే కాంపర్ ఊడిరావాలి.

అయిదోది, అద్దాలు. వాటిలోకి ఎక్కువ చూడకూడదు, కంగారు పుడుతుంది. ఏడోది, చక్రాల గ్రీజు. అదంతా కంపెనీ వాళ్లు ఒకసారి పెట్టే ఉంటారు. మధ్యలోవి గుర్తొచ్చినప్పుడు రాస్తాను.

ఇక చట్టం. ఇలా రెండు లాగేవాళ్లు లైసెన్సు మీద ‘ఆర్’ అనే అక్షరం వేయించుకోవాలనీ, దానికొక రాత పరీక్ష ఉందనీ అంటారు. కుర్రకారు కోసం పెట్టి ఉంటారు. అన్నయ్యని ఎవరైనా ఎప్పుడైనా అక్షరం అడిగారా? ఆయన్ని చూస్తేనే తెలిసిపోయేది.

ఇదంతా చదివాక నీకే భయం వేసి ఉంటుంది. మా బండి వెనక సీటు నీకోసం ఖాళీగానే ఉంది.

గెరిట్

*

మెక్‌బేన్
మే 2

గెరిట్,

నీ సూత్రాలు రెండుసార్లు చదివాను. రెండోసారి కూర్చుని చదివాను.

నాకు తెలిసింది కూడా రాస్తాను, తప్పయితే దిద్దు. ట్రైలరులో బరువు ఇరుసుకి ముందు ఎక్కువ ఉండాలట, పదింట ఆరు వంతులు. వెనక బరువైతే కొక్కెం మీద ఒత్తిడి పోయి తోక ఊగడం మొదలవుతుంది. తోక ఊగినప్పుడు తొక్కితే ఏమవుతుందో చిత్రం వేసి మరీ చూపించారు ఒక పుస్తకంలో. బండి పక్కకి తిరిగి ఉంది. పక్కనే చిన్న మనిషి బొమ్మ ఉంది, తల పట్టుకుని.

గొలుసులు కొత్తవి కొన్నాను. కొక్కెం కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి కడితే, ట్రైలరు మూతి ఊడినా నేల తాకకుండా ఉయ్యాలలో పడినట్టు పడుతుంది. చక్రాల గ్రీజు నేనే మార్చాను, పాతది బురద రంగుకి వచ్చింది. ప్రయాణంలో ఆగినప్పుడల్లా ఇరుసు మూత మీద అరచేయి పెట్టి చూస్తే చాలు, కాలుతుంటే లోపం ఉన్నట్టు. పొరుగింటాయన్ని టేపు ఆ చివర పట్టుకోమని మొత్తం కొలిచాను. డెబ్బై ఒక్క అడుగుల నాలుగు అంగుళాలు. మన రాష్ట్రంలో డెబ్బై అయిదు దాటకూడదు.

ఇప్పుడు నీ బండి సంగతి. మా కాంపర్ కొక్కెం ట్రక్కు తొట్టి మధ్యలో, వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. అలాంటి కాంపర్ వెనకే మరొకటి తగిలించనిస్తారు. నీది ట్రక్కు తోకకి తగిలించే రకం. దాని వెనక పడవ కట్టడానికి చట్టం ఒప్పుకోదు గెరిట్. అక్షరం ఉన్నా ఒప్పుకోదు. ఇంతకీ అక్షరం ఉందా?

బెర్డీనా

*

జీలండ్
మే 14

వదినా,

నీ ఉత్తరం చదివి పది రోజులు ఊరుకున్నాను. కోపంతో కాదు, కర్మాగారం పాత స్నేహితుల భోజనాలు ఉన్నాయి.

పుస్తకం చదివినవాళ్లు ఉంటారు, రోడ్డు చదివినవాళ్లు ఉంటారు. ముప్పై ఏళ్లుగా ఈ బండిని ఇలాగే లాగాను. ఒక్క పోలీసు కూడా ఆపలేదు. చట్టం ఒప్పుకోదంటావేంటి, చట్టం చూస్తూనే ఉంది కదా.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక అందరం కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం. అందరం అంటే నేనూ ట్రెంటూ. తొమ్మిదో నంబరు చోటు ఈ ఏడాది నుంచి ట్రెంట్‌కి. సరస్సుకి దగ్గర, పడవ దింపే వాలు పక్కనే. కుటుంబం ఉన్నవాడికి అది ఉపయోగం. నీకు మా కాంపర్‌లో బల్ల మడిస్తే మంచం అవుతుంది. అన్నయ్య చోటు అన్నయ్యతోనే అయిపోయింది వదినా, నిజం చెప్పుకోవాలి కదా.

నువ్వు నన్ను పరీక్ష అడిగే ముందు ఒకటి గుర్తుచేసుకో. అన్నయ్య ఆ మూడు ముక్కల్ని తొమ్మిదో నంబరులో గీత గీసినట్టు నిలబెట్టేవాడు. మేం వచ్చేసరికి ట్రక్కులో కూర్చుని, కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి, ‘ఏరా, దారి తప్పావా?’ అనేవాడు. అదీ నడపడమంటే. నువ్వేమో పక్కన కూర్చుని స్వెటర్లు అల్లేదానివి.

గెరిట్

*

మెక్‌బేన్
మే 18

గెరిట్,

నేను స్వెటరు అల్లి ఏడేళ్లయింది.

నీకు చెప్పనని మీ అన్నయ్యకి మాటిచ్చాను. ఆయన ఉన్నంతకాలం నిలబెట్టుకున్నాను. ఇప్పుడు తప్పుతున్నాను.

ఆయన కుడి కన్ను ఏడేళ్ల కిందట పోయింది. ఎడమది మసక. డాక్టరు ‘ఇక నడపకండి’ అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి, గరాజులో పడవ అంచు మీద చేయి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, ‘గెరిట్‌కి తెలిస్తే నన్ను వెనక సీట్లో కూర్చోబెడతాడే’ అన్నాడు.

నెల తిరక్కుండా నేను ‘ఆర్’ పరీక్ష రాశాను. ఆయన భూతద్దం పెట్టుకుని పుస్తకంలోంచి ప్రశ్నలు చదివేవాడు, నేను కూరలు తరుగుతూ జవాబులు చెప్పేదాన్ని. మొదటిసారికే అక్షరం వచ్చింది. ఆ తర్వాత ఏడు వేసవులు వంతెన దాటించింది నేను. అందరికంటే రెండు రోజులు ముందే ఎందుకొస్తారని నువ్వు అడిగేవాడివి, ‘మంచి చేపలన్నీ ముందొచ్చినవాడికే’ అనేవాడు ఆయన. నేను పడవ విప్పి, కాంపర్ నిలబెట్టి, చక్రాలకి చెక్కలు వేసేదాన్ని. రెండు రోజుల తర్వాత నీ బండి చప్పుడు వినగానే ఆయన వెళ్లి ఆగి ఉన్న ట్రక్కులో కూర్చునేవాడు. మోచెయ్యి బయటపెట్టేవాడు. తాళం చెవి నా జేబులో ఉండేది.

ఇది రాస్తుంటే నీ ముందు ఆయన్ని కింద పడేసినట్టుంది. అయినా రాస్తున్నాను, నాకు వేరే దారి మిగల్చలేదు నువ్వు.

జూలై 11, శనివారం మధ్యాహ్నం తొమ్మిదో నంబరుకి వస్తాను. ఈసారి ముందుగా రాను. అందరూ ఉండగానే వస్తాను.

బెర్డీనా

*

జీలండ్
జూన్ 9

వదినా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

అన్నయ్య సంగతి నేను నమ్మలేదు, ముందే చెబుతున్నాను. కోపంలో రాశావనుకున్నాను. నమ్మకపోవడంతో ఆగి ఉంటే బాగుండేది. నడపడమంటే ఏమిటో లోయిస్‌కి చూపిస్తానని మే నెలాఖరు సెలవుల్లో బండి కట్టాను. దగ్గరే, గంట దూరంలో ఒక చెరువు. కాంపర్, దాని వెనక పడవ. సామానంతా నా మొదటి సూత్రం ప్రకారమే సర్దాను.

రైలు పట్టాలు దాటుతుంటే కొంచెం కుదుపు వచ్చింది. ఆ తర్వాత బండి తేలికగా లాగుతోంది. ‘చూశావా, ఇంజను ఎంత కులాసాగా ఉందో’ అన్నాను లోయిస్‌తో. తను కిటికీలోంచి చూస్తోంది. మా పడవ మా పక్కనుంచే, మాకంటే కొంచెం ముందుగా వెళ్తోంది.

అది రోడ్డు దాటింది. అవతల ఐస్‌క్రీం దుకాణం ఉంది, వాలులో. బల్లల మధ్యనుంచి చక్కగా వెళ్లి, దుకాణం ముందున్న సిమెంటు ఆవుని గుద్ది ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. బల్లల దగ్గర మనుషులే లేరు. ఆవు కొమ్ము విరిగింది, అంతే.

పోలీసమ్మాయి వచ్చింది. మా మనవరాలి వయసుంటుంది.

‘తాతగారూ, ఇది మీదేనా?’

‘ఏది?’

‘ఆవుని గుద్దింది.’

‘నాదే.’

‘గొలుసులు లేవే?’

‘ఉన్నాయి. గరాజులో భద్రంగా ఉన్నాయి.’

రాసుకుంది. తర్వాత కాంపర్ వెనక్కి వెళ్లి వంగి చూసింది. ‘ఇక్కడ కొక్కెం ఎవరు అతికారండీ?’

‘నేనే.’

‘మీ లైసెన్సు ఇవ్వండి. అక్షరం ఏదీ?’

నేను ముప్పై ఏళ్ల అనుభవం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, ‘ముప్పై ఏళ్లూ ఇలాగే లాగారా? అదికూడా రాసుకోమంటారా?’ అంది. అక్షరం ఉన్నా ఈ రకం కాంపర్ వెనక పడవ కట్టకూడదని ఆ అమ్మాయి కూడా నీలాగే చెప్పింది. దాదాపు నీ మాటల్లోనే.

పడవ పనికిరాదు, మూతి రెండుగా చీలింది. కోర్టుకి రమ్మన్నారు. ఇదీ సంగతి.

గెరిట్

(అంచున వేరే చేతిరాతతో)

అక్కా, ఉత్తరం పోస్టు చేసేది నేనే కాబట్టి ఇది రాస్తున్నాను. మనుషుల్లేరని ఈయన రాసింది అబద్ధం. చంటిపిల్లతో ఒక తల్లి కూర్చుని ఉంది. చేతులు తుడుచుకునే కాగితాలు కావాలని పిల్లని ఎత్తుకుని లేచింది. నాలుగు అడుగులు వేసింది. పడవ ఆ బల్ల మీదుగా వెళ్లింది. ఆ తల్లి ఏడవలేదు, అరవలేదు, బల్ల ఉన్న చోటే చూస్తూ నిలబడింది. ఈయన ఆ రోజు నుంచి అన్నం సరిగా తినడం లేదు. అది కూడా రాయలేదు కదా. — లోయిస్

*

మెక్‌బేన్
జూన్ 13

గెరిట్,

లోయిస్ అంచున రాసిన మాటలు చాలాసార్లు చదివాను. నిన్ను ఎగతాళి చేయడానికి కాగితం తీశాను, అవి చదివాక కలం సాగలేదు.

ఒకసారి నా బస్సుకి బ్రేకు పట్టలేదు. రైలు గేటు ముందు. బస్సులో ముప్పై నలుగురు పిల్లలు. చేత్తో వేసే బ్రేకు లాగితే ఆగింది. పిల్లలకి తెలియను కూడా తెలియదు, పాటలు పాడుకుంటున్నారు. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. మర్నాటి నుంచి రోజూ బయల్దేరే ముందు బస్సు కింద దూరి చూసేదాన్ని. తోటి డ్రైవర్లు నవ్వేవాళ్లు. నీకు అన్నం సయించకపోవడం మంచిదే. అది పోగొట్టుకోకు. పోయి తిను మాత్రం.

ఆ తల్లికి ఉత్తరం రాయి. దుకాణం వాళ్లని అడిగితే ఎవరో చెబుతారు. ఆవు గురించి రాయకు.

ఇక నా సంగతులు. చోటు విషయంలో నేను మాట మార్చను, తొమ్మిదో నంబరుకే వస్తాను. నీ కాంపర్ ఒక్కటీ తగిలించుకుని నువ్వు రావచ్చు, దానికి ఏ అక్షరమూ అక్కర్లేదు. పడవ మీ అన్నయ్యదే ఉంది, నేను తెస్తాను. నీకూ చోటుంటుంది. మోటారు దగ్గర నేను కూర్చుంటాను.

ఒక్కటి అడుగుతాను. కోపంలో నీకు చెప్పేశాను గానీ, మిగతావాళ్లకి తెలియనక్కర్లేదు. ట్రెంట్‌కీ, పిల్లలకీ, సరస్సు దగ్గరి జనానికీ కార్నీ ఎలా గుర్తున్నాడో అలాగే ఉండనీ. నోరు కట్టుకోవడం నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇది మామూలుగా అడగడం లేదు, బతిమాలుతున్నాను.

బెర్డీనా

*

జీలండ్
ఆగస్టు 3

వదినా,

సరస్సు నుంచి వచ్చి రెండు వారాలైంది. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి అంతా చూశావు. చూడనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

మేం శుక్రవారం చేరాం. కాంపర్ ఒక్కటే, దాని వెనక ఏమీ లేదు. దారంతా అద్దంలో చూస్తూనే వచ్చాను. అప్పటికే ట్రెంట్ తొమ్మిదో నంబరులో దిగిపోయాడు. గుడారం లేచింది, చాప పరిచాడు, మాంసం కాల్చే పొయ్యి వెలిగించాడు. ‘మామయ్యా రండి!’ అన్నాడు.

‘ఒరే, ఇది ఖాళీ చెయ్యాలిరా’ అన్నాను.

‘అదేంటి? మీరే కదా ఇచ్చారు?’

‘నాది కానిది ఇచ్చాను. తీసెయ్.’

‘అత్తయ్య ఒక్కతీ ఇంత చోటేం చేసుకుంటుంది మామయ్యా?’

‘ఏం చేసుకుంటుందో నీకూ నాకూ ఎందుకు? పధ్నాలుగో నంబరు ఖాళీగా ఉంది.’

‘అది మరుగుదొడ్ల పక్కన!’

‘పిల్లలున్నవాడికి అది ఉపయోగం’ అన్నాను.

ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. పొయ్యి మాత్రం నేనే మోసి పెట్టాను, వేడిగా ఉండగానే. చేతికి బొబ్బ లేచింది.

శనివారం పన్నెండు నుంచీ జనం కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కార్నీ పెళ్లాం ఒంటరిగా మూడు బండ్లు లాక్కొస్తోందని లోయిస్ నోరు జారిందట. ఎనిమిదో నంబరాయన వంతెన మీద గాలికి ఎగిరిపోయి ఉంటావన్నాడు. పన్నెండో నంబరాయన వెనక్కి తిప్పలేక ఎక్కడో ఆగిపోయి ఉంటావన్నాడు. నేను మాట్లాడలేదు. లోయిస్ నా నుదురు పట్టుకుని చూసింది.

ఒంటిగంటకి చెట్ల మధ్యనుంచి నీ ట్రక్కు మూతి కనిపించింది. మెల్లగా, ఎక్కడా తొందర లేకుండా. మలుపు దగ్గర ఎంత దూరం వెళ్లి తిప్పావంటే, గుంటలో దిగిపోతావని ఎనిమిదో నంబరాయన లేచి నిలబడ్డాడు. పడవ చక్రం కూడా గడ్డి తాకలేదు. నువ్వు దిగి, ఎవరి వంకా చూడకుండా ముందు పడవ విప్పేశావు. రెండూ తగిలించి ఉండగా వెనక్కి తోయకూడదని అప్పుడు అర్థమైంది నాకు. ముప్పై ఏళ్లూ నేను తోస్తూనే వచ్చాను. అందుకే ప్రతి ఏడూ పదో నంబరులో చెట్లకి బెరడు ఉండేది కాదు.

తర్వాత కాంపర్ వెనక్కి పెట్టడం. ట్రెంట్ చేతులు ఊపుతూ వచ్చాడు. ‘ఎడమకి! ఎడమకి అత్తయ్యా!’

నువ్వు ఆపి, కిందికి దిగి, ‘నీ ఎడమా, నా ఎడమా నాయనా?’ అన్నావు. వాడు తన చేతులు తనే చూసుకున్నాడు. ‘వెళ్లి కూర్చో. నిన్ను తొక్కుతానేమోనని భయంగా ఉంది’ అన్నావు. మూడుసార్లు దిగి చూసుకున్నావు. మూడోసారికి కాంపర్ సరిగ్గా కూర్చుంది. అన్నయ్య ఒక్కసారికే పెట్టేవాడని ఎనిమిదో నంబరాయన గొణిగాడు. వదినా, నా నాలుక చివరిదాకా వచ్చింది. పిప్పరమెంటు బిళ్ళ వేసుకున్నాను. ఆ వారంలో మొత్తం రెండు డబ్బాలు అయిపోయాయి.

ఇప్పుడు నేరం ఒప్పుకుంటాను. నువ్వు లోపల కాఫీ పెడుతున్నప్పుడు అందరూ నా చుట్టూ చేరారు. ‘ఇంత పని ఈవిడకి ఎవరు నేర్పారు? కార్నీ ఎప్పుడూ స్టీరింగు ఇవ్వలేదే!’ అని ఒకటే ప్రశ్న. ఏం చెప్పను? నిజం చెబితే అన్నయ్య పోతాడు. తెలియదంటే ఆరా తీస్తారు. అందుకని నేనే నేర్పానన్నాను. ఏప్రిల్ నుంచీ ఉత్తరాల్లో నేర్పానన్నాను. వేరే దారి లేకపోయింది. అందరూ నా వీపు తట్టారు. తడుతున్నప్పుడు సిగ్గేసింది, కానీ బాగుంది కూడా. రెండూ నిజమే.

ఆ తల్లి జవాబు రాసింది. రెండే వాక్యాలు. పాప పేరు రాసింది. ఆ ఉత్తరం నా లైసెన్సు పక్కన పెట్టుకున్నాను.

గురువారం పొద్దున్న పడవలో మోటారు దగ్గర నువ్వు కూర్చున్నావు, ముందు నేను. చేపలేమీ పడలేదు. అన్నయ్య ఆఖరి ఏడాది అదే పడవలో నాతో, ‘బండరాళ్లు ఎటున్నాయో చూడరా, నాకు ఎండ కొడుతోంది’ అన్నాడు. ఆ రోజు మబ్బు. అది అప్పుడు గుర్తురాలేదు, ఇప్పుడు రోజూ గుర్తొస్తోంది. నాకు చెప్పి ఉండొచ్చు కదా అనుకుంటాను. తర్వాత, చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణి అని ఆలోచిస్తాను. వెనక సీట్లో కూర్చోబెట్టేవాణ్ణి. ఆయనకి నేను బాగా తెలుసు.

గెరిట్

*

మెక్‌బేన్
ఆగస్టు 9

గెరిట్,

నువ్వు నేర్పావని చెప్పిన సంగతి నాకు అదే రోజు సాయంత్రం తెలిసింది. నీళ్ల కుళాయి దగ్గర ఎనిమిదో నంబరావిడ పట్టుకుంది. ‘మీ మరిది ఉత్తరాల్లో నేర్పాడటగా! ఏం నేర్పాడు?’ అంది. పదకొండు సూత్రాలు పంపాడన్నాను, ప్రతి ఒక్కదాన్నీ తలకిందులుగా చేస్తే సరిగ్గా కుదిరిందన్నాను. ఆవిడ కడుపుబ్బ నవ్వింది. హాస్యమనుకుంది. నేను దిద్దలేదు. కాబట్టి నీ అబద్ధంలో నాకూ సగం వాటా ఉంది, సిగ్గు కూడా చెరిసగం పంచుకుందాం.

ఇంకోసారి చెయ్యి కాలితే వెన్న రాయకు, లోయిస్ రాస్తానంటుంది. చల్లటి నీళ్లు చాలు.

ఆయన నీకు చెప్పి ఉండాల్సింది. ఆ మాట ఆయనతో నేను ఏడేళ్లలో రెండుసార్లే అన్నాను, ఇంకా ఎక్కువసార్లు అనాల్సింది. నడపడం నాకిష్టం గెరిట్. ఆయన దాచుకున్నంతకాలం వంతెన మీద స్టీరింగు నాదే. అందుకని నేనూ గట్టిగా అడగలేదేమో. ఇది ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా.

సోమవారం పడవ కాగితాలు మార్పించడానికి ఆఫీసుకి వెళ్లాను. కౌంటరు దగ్గరి అబ్బాయి నన్నూ, కాగితాన్నీ చూసి, ‘పడవ ఎవరి పేరు మీద పెట్టమంటారు? మీ అబ్బాయి పేరా?’ అన్నాడు. నాకు అబ్బాయిలు లేరన్నాను. ‘మరి అల్లుడా?’ అన్నాడు. ఆ ఫారం ఇటివ్వు నాయనా అన్నాను.

కార్నీ పేరు ఉన్న గడిలో ఒక గీత గీయమన్నాడు. గీశాను. కింద గడిలో నా పేరు నిండుగా, ఇంటిపేరుతో సహా రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

మీ వదిన,
బెర్డీనా